తిరగకపోతే జబ్బు చేసే బండి

2023వ సంవత్సరం, తొలకరి ఇంకా సరిగ్గా పడని రోజులు. నరసన్నపేటలో హైవే దిగి ఊళ్ళోకి వచ్చే దారి పక్కన నాదొక మెకానిక్ షెడ్డు. రేకుల కప్పు, రెండు జాకీలు, కస్టమర్లు కూర్చోవడానికి పాత లారీ టైరు మీద వేసిన పలక, ఇదీ నా సంస్థానం. బండ్లు బాగుచెయ్యడంతోపాటు నాకింకో పని కూడా ఉంది. పాత కారు కొనేవాళ్ళు కొనేముందు నన్ను వెంటబెట్టుకుని వెళ్తారు, పెళ్ళిచూపులకి ఊళ్ళో పెద్దమనిషిని తీసుకెళ్ళినట్టు. తేడా ఒక్కటే. పెళ్ళిచూపుల్లో లోపం కనిపించినా పైకి అనకూడదు. ఇక్కడ అనకపోతే నాకు టీ కూడా పోయించరు.

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: పెట్రోల్ బండి కొనాలా, డీజిల్ బండి కొనాలా? నేను ఎనిమిదో తరగతి దాటలేదు కాబట్టి నా లెక్క కూడా ఎనిమిదో తరగతికి అందేంత తేలికగానే ఉంటుంది. రోజూ విశాఖపట్నం వెళ్ళొచ్చేవాడికి డీజిల్. వారానికోసారి సంతకీ, పండక్కి అత్తారింటికీ వెళ్ళేవాడికి పెట్రోల్. డీజిల్ బండికి కొనేటప్పుడు ధర ఎక్కువ, సర్వీసుకి ఎక్కువ, స్పేరు పార్టులకి ఎక్కువ. ఆ ఎక్కువంతా రోడ్డు మీద తిరిగి తిరిగి మైలేజీలో రాబట్టుకోవాలి. తిరగనివాడు డీజిల్ బండి కొనడమంటే, మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్న ఇంట్లోకి పెళ్ళి వంటల గుండిగ కొనడమే. అన్నం ఉడుకుతుంది, కాదనను. అడుగున మాడేదే ఎక్కువ.

ఈ లెక్కతో ఎంతోమందికి బండ్లు కుదిర్చాను. సింహాచలం మావ దగ్గరే తిరగబడింది.

మావ అంటే చుట్టరికం ఏమీ లేదు. మా వైపు వరసలు కలుపుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, పక్కన నిలబడి టీ తాగితే చాలు. ప్రభుత్వ బస్సు నడిపి నడిపి ఆ ఏడే రిటైరయ్యాడు. ఖాకీ విప్పేశాడు గానీ నిలబడితే ఖాకీలోనే ఉన్నట్టుంటాడు. ఆ మధ్యాహ్నం పక్క ఊరి నుంచి వచ్చి షెడ్డు ముందు ఆటో దిగాడు. ఆయన వెనక పైడమ్మత్త దిగింది. దిగింది అని ఒక్క మాటలో రాసేశాను గానీ అది అంత తేలిగ్గా జరగలేదు. ఒక కాలు కింద పెట్టి, ఆటో కడ్డీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపాగి, అప్పుడు రెండో కాలు. మోకాళ్ళు అరిగిపోయాయి ఆవిడకి.

"ఒరే సత్తిగా, కారు కొనాల. పాతదే గాని మంచిది సూడు," అన్నాడు మావ.

"ఏటి మావా, ఇన్నేళ్ళు బస్సు తోలినా సరదా తీరనేదేటి?"

"నాకు కాదురా. మీ అత్తకి. బస్సు మెట్టు ఎక్కనేకపోతన్నాది."

అత్త పలక మీద కూర్చుని మోకాళ్ళు చేత్తో రాసుకుంటూ అంది: "డ్రైవరు పెల్లాన్ని బాబూ నాను. పెల్లయిన కాణ్ణుంచి ఈయన తోలిన బండి ఒక్కపాలి కూడా ఎక్కనేదు."

"అదేటత్తా? ఊరంతా ఎక్కినారు గదా!"

"ఊరంతా ఎక్కినారు. నాను పాతపట్నం ఎల్లాలంటే ఈయన డ్యూటీ టెక్కిలి. నాను టెక్కిలి ఎల్లాలంటే ఈయన డ్యూటీ ఇజీనారం. సెలవు రోజున అడిగితే గోడేపు తిరిగి తొంగుంటాడు."

"తొంగోనా మరి?" అన్నాడు మావ. "ఓటల్లో అట్లేసీవోడు ఇంటికొచ్చి కూడా అట్లేస్తాడేటి?"

ఆవిడకి పెద్ద కోరికలేమీ లేవు. పాతపట్నంలో చెల్లెలుంది, చూసి రావాలి. కళింగపట్నం సముద్రం ఇంత దగ్గర ఉండి కూడా చూడలేదు, ఒకసారి చూడాలి. శ్రీకూర్మం, అరసవల్లి. ఇన్నాళ్ళూ బస్సులో వేరే డ్రైవరు వెనక కూర్చుని కొన్నిటికైనా వెళ్ళింది. ఇప్పుడు మోకాళ్ళు ఆ బస్సు తలుపు మూసేశాయి. రిటైరైన డబ్బుతో మావ ఒక్క కారే కొనగలడు. ఆ ఒక్కటీ సరిగ్గా కుదిరితే అత్త ఊరు దాటుతుంది. లేకపోతే ఆవిడ లోకం వీధి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నాకు ఆ రోజు ఇది ఇంత స్పష్టంగా తట్టలేదు. నా లెక్కలో నేనున్నాను.

"నెలకి ఎంత తిరుగుతావు మావా?"

"ఎంతేటి? పేటకొచ్చి సరుకులు తీసుకెల్డం. ఎప్పుడైనా సీకాకోలం ఆస్పత్రికి."

"ఐతే కళ్ళు మూసుకుని పెట్రోల్ బండి తీసుకో."

మావ నన్ను అసహ్యంగా చూశాడు. "పెట్రోలా! అది మోపెడ్లలో పోసుకునీదిరా. డీజిలంటే బండి. తాళం తిప్పగానే కింద ఒక గేదె లేచి నిలబడ్డట్టుంటాది. పెట్రోల్ బండి స్టార్ట్ సేసినానో నేదో కూడా తెల్దు."

"అదే దాని మంచితనం మావా."

"మంచితనం నాకెందుకురా? బలం గావాల."

రెండు బండ్లు చూపించాను. ఒకటి బూడిదరంగు పెట్రోల్ కారు, శ్రీకాకుళంలో ఒక పళ్ళ డాక్టరుది. రెండోది తెల్లటి డీజిల్ బండి, కాస్త ఎత్తుగా ఉండే రకం. మందుల కంపెనీ తరఫున ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా రోజూ హైవే మీద తిరిగే కుర్రాడు నడిపాడు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూశాను, పొగ రంగు చూశాను, ఆయిల్ పుల్ల తీసి వాసన చూశాను, కిందకి దూరి చాసిస్ తుప్పు గీకి చూశాను. రెండూ మంచి బండ్లే. డీజిల్ బండికి లోపం అంటూ ఏమీ లేదు, మావకి సరిపడకపోవడం తప్ప.

"సప్పుడు తక్కువది తీసుకుంటే బాగున్ను," అంది అత్త. "మాటాడుకుంటూ ఎల్లొచ్చు."

"మాటాడుకోడానికి ఇంట్లో కుర్సీల్నేవా?" అని మావ డీజిల్ బండి బానెట్ మీద చెయ్యేశాడు. కొత్త ఎద్దు మూపురం నిమిరినట్టు నిమిరాడు. ఇక బేరం అయిపోయినట్టే.

తాళాలు ఇస్తూ చెప్పాను: "మావా, ఇది తిరగాల్సిన బండి. ఇంటికాడ కట్టీకు."

"బండి గురించి నాకు సెప్తావేట్రా, గుంటడా!"

నిజమే కదా, నేను చెప్పేదేముంది అనుకుని ఊరుకున్నాను.

వానలు పోయి చలి వచ్చింది. ఒక ఉదయం ఆ తెల్ల బండి షెడ్డు ముందుకి నత్తలా పాక్కుంటూ వచ్చి ఆగింది. వెనకాల ఒక ఎడ్లబండి వాడు దాన్ని దాటి వెళ్తూ మావ వైపు జాలిగా చూశాడు. మావ ముఖం చూస్తే బస్సు పాసు లేకుండా దొరికిపోయిన కాలేజీ కుర్రాడిలా ఉంది. పక్క సీట్లో అత్త. పట్టుచీర, తలనిండా చేమంతులు, ఒడిలో పెద్ద స్టీలు క్యారేజీ. పాతపట్నంలో చెల్లెలి మనవడి అన్నప్రాసనకి బయల్దేరారు. ఇన్ని నెలల్లో మావ ఆవిణ్ణి ఊరు దాటించడం అదే మొదటిసారి. సరవకోట దారిలో డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, బండి బలం చచ్చిపోయింది. ఎక్స్‌లరేటర్ ఎంత తొక్కినా పరిగెత్తనంటోంది. ఎలాగో వెనక్కి తిప్పుకుని వచ్చారు.

"అమ్మీరా దీన్ని," అన్నాడు మావ దిగుతూనే. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క బస్సు దార్లో ఆపనేదు నాను. ఇది నన్ను ఆటోవోళ్ళ ముందు నవ్వులపాలు సేసీసింది. నాకింక స్టీరింగే వద్దు. అమ్మీ."

అత్త క్యారేజీ నా చేతిలో పెట్టింది. "పాయసం బాబూ. పాడైపోతాది. తినీ." ఆ తర్వాత మావకి వినపడకుండా అంది: "అమ్మితే అమ్మినట్టేరా. ఈయన మల్లీ కొనడు. నాను సెల్లి మనవణ్ణి, ఆ గుంటణ్ణి, సూడనట్టే."

ఆ పిల్లాడి అన్నప్రాసన నా షెడ్డులో, గ్రీజు చేతులతో, నాకు జరిగింది. పాయసం గొంతు దిగలేదు. దిగలేదు అంటున్నాను గానీ క్యారేజీ మాత్రం ఖాళీ అయింది.

స్కానర్ పెట్టి చూశాను. స్కానర్ అంటే బండి కడుపులో నొప్పి ఎక్కడుందో చెప్పే చిన్న యంత్రం. డీపీఎఫ్ నిండిపోయిందని చూపించింది. ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కొత్త పొగ రూల్సు ప్రకారం ఇప్పుడొచ్చే బీఎస్ సిక్స్ డీజిల్ బండ్లకి పొగ వెళ్ళే గొట్టం మధ్యలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసి బయటికి పోకుండా పట్టుకుంటుంది. బండి హైవే మీద కాసేపు ఆగకుండా మంచి వేగంతో పరిగెడితే ఆ గొట్టం ఎర్రగా కాగి, మసి దానంతటదే కాలిపోతుంది. దాన్ని రీజనరేషన్ అంటారు. పేట బజారుకీ ఇంటికీ మధ్య తిరిగితే గొట్టం కాగదు, మసి కాలదు. ముందు లైటు వెలిగించి చెప్తుంది. మనం వినకపోతే లింప్ మోడ్ అని, ఇంజను పాడవకుండా తనంతట తానే కుంటుతూ నడుస్తుంది. మోకాళ్ళ నొప్పి లాంటిదే.

దగ్గర దూరాలకి డీజిల్ వాడినవాళ్ళందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కానీ ఈ కొద్ది నెలల్లోనే ఇంత గడ్డకట్టుకుపోవడం నేను చూడలేదు. అందుకని డాక్టర్లా పలక మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను.

"పొద్దున్న లేచి ఏటి సేస్తావు మావా?"

"మొకం కడుక్కుని బండి స్టార్ట్ సేస్తాను."

"స్టార్ట్ సేసి ఎక్కడికెల్తావు?"

"ఎక్కడికీ నేదు. ఎయిర్ పట్టాల గదా."

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్పానర్ పక్కన పెట్టేశాను. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. డిపోలో పొద్దున్నే ఇంజను ఆన్ చేసి, ట్యాంకులో గాలి నిండి ముల్లు పైకి వచ్చేదాకా డ్రైవరు కూర్చోవాలి. లేకపోతే బ్రేకు పడదు. కారు బ్రేకుకి ఆ గాలితో పనే లేదు. అయినా మావ రోజూ తెల్లారకుండానే వాకిట్లో బండి ఆన్ చేసి, సీట్లో కూర్చుని, లేని గాలి కోసం కాచుకుని, పట్టిందని తన మనసుకి తోచాక ఆపేసి వెళ్ళి కాఫీ తాగుతున్నాడు. కదలకుండా నిలబెట్టి ఇంజను ఆడిస్తే వచ్చేదంతా మసే.

"ముల్లు కనబడనేదేటి మావా ఇందులో?"

"ఎక్కడో లోపలెట్టీసుంటారనుకున్నాను."

"ఆరేసిన బట్టలన్నీ డిపో కంపే బాబూ," అంది అత్త. "ఈయన రిటైరైనాడు గాని మా వాకిలి డ్యూటీలో సేరింది."

ఇంకా తవ్వితే ఇంకా వచ్చింది. డిపోలో లీటరుకి ఎక్కువ దూరం నడిపిన డ్రైవరుకి దండ వేసేవాళ్ళట. ఆ దండ మావ మెడలో చాలాసార్లు పడింది. అందుకని కారుని కూడా ఎద్దుబండి వేగంతో పై గేరులో మూలిగిస్తూ నడుపుతున్నాడు. పాపం ఆ బండి అప్పుడప్పుడూ తనే ధైర్యం చేసి మసి కాల్చుకోవడం మొదలుపెట్టేది. అప్పుడు ఇంజను వేగం కాస్త పెరుగుతుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. అది వినగానే మావ, "డీజిల్ తాగీస్తన్నాది దొంగముండ," అని టక్కున ఆపేసేవాడు. అన్నం తింటున్నదాని ముందు నుంచి కంచం లాగేసినట్టు.

మావ తలొంచుకుని విన్నాడు. నాకు ఎగతాళి నాలిక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన చేతులు చూశాను. స్టీరింగు పట్టుకుని పట్టుకుని వేళ్ళు వంగే ఉండిపోయాయి.

"మావా, నువ్వు తప్పు తోలనేదు. బస్సుని ఎలా తోలాలో అలాగే తోలినావు. ఇది బస్సు కాదు, అంతే."

"ఐతే బాగవుతాదేటి?" ఆ ప్రశ్న వేసింది అత్త.

స్కానర్‌తోనే బలవంతంగా రీజనరేషన్ చేయించాను. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టి చేస్తే గొట్టం చుట్టూ గాలి మరుగుతున్నట్టు కనిపించింది. మళ్ళీ బలం వచ్చింది. అప్పుడు మందు రాసిచ్చాను: పొద్దున్న ఎయిర్ పట్టడం బంద్. పది పదిహేను రోజులకోసారి హైవే ఎక్కి, గేరు ఒకటి తగ్గించి, మంచి వేగంతో ఆపకుండా శ్రీకాకుళం దాటి వెళ్ళి రావాలి.

"పనేటి అక్కడ?" అన్నాడు మావ.

"ఏ పనీ నేదు. ఊరికే."

"ఊరికే డీజిల్ కాల్సమంటావేట్రా?"

"మసి కాల్సమంటన్నాను."

"నాను కూడా ఎల్లొచ్చేటి బాబూ?" అంది అత్త, ఆస్పత్రిలో పథ్యం గురించి అడిగినట్టు నెమ్మదిగా.

"నువ్వెల్లి తీరాల. ముందు సీటు మీద బరువు నేకపోతే మసి సమంగా కాలదు."

ఇది పచ్చి అబద్ధం. ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. మావ నా వైపు అనుమానంగా చూశాడు గానీ, ఎయిర్ గురించి ఇప్పుడే ఓడిపోయాడు కాబట్టి వాదించడానికి గొంతు లేదు.

మొదటి విడత మందు సగమే మింగాడు. సాయంత్రం అత్త ఫోన్: "మడపాం టోలుగేటు కనబడగానే తిప్పీసినాడురా. గేటు దాటితే డబ్బులు పోతాయట." నేను మావకి ఫోన్ చేసి, మాత్ర నాలిక మీద పెట్టుకుని ఉమ్మేస్తే జ్వరం తగ్గుతుందా అని అడిగాను. రెండోసారి గేటు దాటాడు. శ్రీకాకుళం వెళ్ళారు, అరసవల్లి వెళ్ళారు. ఆ తర్వాత పాతపట్నం వెళ్ళి అన్నప్రాసన పిల్లాణ్ణి చూసి వచ్చారు. అప్పటికి వాడు అన్నమే కాదు, మట్టి కూడా తింటున్నాడట. మరోసారి బండి ఇంటికి చేరేసరికి ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. మావ ఆపబోతే అత్త చెయ్యి పట్టుకుని, "అది తింటన్నాది, ఆపీకు. ఇంకో సుట్టు తిప్పు," అందట. ఊళ్ళో ఏ మెకానిక్కూ డీపీఎఫ్‌ని అంత ప్రేమగా చూసుకుని ఉండడు.

సముద్రానికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఉప్పుగాలికి బండి తుప్పు పడుతుందని మావ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత ఒకరోజు అత్త ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగింది: "బాబూ, ఈ పాలి లైటు ఎలగనేదు. ఎలిగించడానికి ఏటైనా మార్గమున్నాదేటి?"

నవ్వాను. నవ్వి ఫోన్ పెట్టేశాను గానీ ఆ పూట పని మీద బుద్ధి నిలవలేదు.

మరుసటి ఏడాది నాకు మంచి అవకాశం దొరికింది. రొయ్యల మేత అమ్ముతూ రోజూ హైవే మీద తిరిగే ఒకాయనకి డీజిల్ బండి కావాలి. ఇటు ఒక రిటైరైన మాష్టారు తన చిన్న పెట్రోల్ కారు అమ్ముతానంటున్నారు. మెత్తటి బండి, సీటు కాస్త ఎత్తు, మోకాళ్ళకి సుఖం. ఎవరి బండి వాళ్ళకి చేర్చేస్తే లెక్క సరిపోతుంది. మావనీ అత్తనీ పిలిపించాను. మాష్టారు కూడా కారు తెచ్చి, పలక మీద పేపరు పరుచుకుని కూర్చున్నారు.

మావ వెంటనే ఒప్పుకున్నాడు. "నువ్వు ముందే సెప్పినావురా, నానే విన్నేదు. ఈ జల్లెళ్ళూ ఈ లైట్లూ నాకొద్దు. పెట్రోలే ఇప్పించీ."

"వద్దు," అంది అత్త.

నేను తెల్లబోయాను. "అదేటత్తా? మొదట్లో సప్పుడు తక్కువది గావాలన్నావు గదా. ఇది సప్పుడు సేయదు. లైటు ఎలగదు. నెల్లాళ్ళు ఇంటికాడ ఉంచినా జబ్బు సేయదు."

"అందుకే వద్దంటన్నాను," అంది ఆవిడ. నా వైపే చూస్తూ మాట్లాడుతోంది, మావ వైపు చూడడం లేదు. "ఆ బండికి తిరక్కపోతే జబ్బు సేస్తాదని ఈయన నన్ను తిప్పుతన్నాడు. దీనికి జబ్బే రాదంటన్నావు. మరి నన్నెవులు తిప్పుతారు?"

మాష్టారు పేపరు పేజీ తిప్పబోయి ఆగిపోయారు.

మావ మీసం ఒకసారి దువ్వుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. "మాష్టారి బండి తాళమియ్యి."

"ఎందుకు మావా?"

"తోలి సూడకుండా కొంటారేట్రా ఎవులైనా? ఎక్కవే."

"ఎక్కడికి?" అంది అత్త.

"ఎక్కు ముందు."

టెస్ట్ డ్రైవ్ అంటే మా దగ్గర పెట్రోల్ బంకు దాకా వెళ్ళి రావడం. మాష్టారు టీ తాగారు. పేపరు మొత్తం చదివారు. మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు. "ఏమయ్యా, నా బండి ఏదయ్యా?" అన్నారు. వస్తుందండీ, బంకులో రద్దీ ఉన్నట్టుందన్నాను. మావ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. భోజనం తెప్పించి పెట్టాను. "నీ మనిషి ఒరిస్సా దాటేశాడేమో చూడు," అన్నారాయన. పొద్దు వాలుతుంటే బండి వచ్చింది.

ముందు అత్త దిగింది. చీర అంచు మోకాలి దాకా తడిసి, ఆరి, ఉప్పుతో గట్టిగా నిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది. నేలమీది రబ్బరు మ్యాట్ నిండా ఇసక. మాష్టారు ఇసక వంక చూశారు, టైర్ల వంక చూశారు, నోరు తెరిచారు. మావ ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"మాష్టారూ, మీ బండిని కళింగపట్నం తీసుకెల్నాను. ఉప్పుగాలి తగిలింది. కొనకపోతే తప్పు నాది. కొంటన్నాను."

"అన్ని నీల్లేట్రా బాబూ," అంది అత్త నాతో. "అవతల గట్టు కనబడదు. నాను లోపలికెల్తానంటే ఈయన నా చెయ్యొగ్గనేదు. అందరూ సూస్తన్నారని సెప్పినా వదల్నేదు."

మావ తుడవాల్సిన పని లేకపోయినా అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

డీజిల్ బండి మేత ఆయన దగ్గరికి పోయింది, హైవే మీద హాయిగా పరిగెడుతోంది. పెట్రోల్ బండి మొదటి సర్వీసుకి వచ్చినప్పుడు మీటరు చూసి, తప్పు చూశానేమోనని గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాను. విజయనగరం, శ్రీముఖలింగం, సాలిహుండం, చెల్లెలి ఊరు లెక్కలేనన్నిసార్లు తిరిగొచ్చారట. పెట్రోల్ బంకు కుర్రాడికి మావ ఇప్పుడు సొంత మావ అయిపోయాడు.

"ఒరే సత్తిగా," అన్నాడు మావ, "పెట్రోల్ గుటకలేస్తన్నాదిరా. ఇంత తిరిగీవోడికి డీజిలే మేలు గదేటి?"

ఆయన అడిగింది అక్షరాలా నిజం. నా ఎనిమిదో తరగతి లెక్క ప్రకారం అంత తిరిగే ఇంటికి డీజిలే కుదర్చాలి. నేను మొదట పెట్రోలన్నప్పుడు వాళ్ళు డీజిల్ కొన్నారు, డీజిల్ కావలసిన మనుషులయ్యేసరికి పెట్రోల్ కొన్నారు. రెండుసార్లూ తప్పే కొన్నారు, రెండుసార్లూ వాళ్ళకి కలిసొచ్చింది. అంతలో బండిలోంచి అత్త అరిచింది: "మాటలాపి వస్తారేటి, ఎండెక్కిపోతన్నాది!" మావ పరిగెత్తాడు.

ఈ కేసులో నేను నేర్చుకున్నది డీపీఎఫ్ గురించి కాదు. అది ఏ మెకానిక్కైనా చెప్తాడు. నెలకి ఎంత తిరుగుతావు అని అడిగితే, బండి తోలేవాడు ఇప్పటిదాకా తిరిగిన లెక్క చెప్తాడు. పక్కన కూర్చునే మనిషికి ఇంకా తిరగని లెక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు. తక్కువ తిరిగే కుటుంబం అని మనం రాసుకునేవాళ్ళలో కొందరు నిజంగా తక్కువ తిరిగేవాళ్ళు. మరికొందరు ఎవరైనా తిప్పుతారేమోనని చూస్తున్నవాళ్ళు.

మొన్న పొందూరు నుంచి ఒక కొడుకు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ఫోను, ఫోన్లో లెక్కలు, లీటరుకి ఇంత, నెలకి ఇంత అని అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అంతా విన్నాను. తర్వాత పలక మీద కూర్చున్న ఆ తల్లి వైపు తిరిగి, "అమ్మా, కారొస్తే నువ్వెక్కడికెల్దామనుకుంటన్నావు?" అని అడిగాను.

"నానా?" అందావిడ. "నన్నడుగుతన్నావేటి బాబూ?"

అవునన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని ఆలోచనలో పడింది. కొడుకు ఫోన్ కిందకి దించి తల్లి ముఖం వైపు చూశాడు, ఆ జవాబు తనకీ తెలియదని అప్పుడే తెలిసినట్టు. తొందరేమీ లేదని మూడు టీలు చెప్పాను.